పైరగాలికి తెరచాప

పిల్లలూ, మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి మా కడియంలో గాలి మారుతుంది. అంతదాకా పొద్దున్నే చెవులు గిల్లుతూ వచ్చిన ఈశాన్యపు చలిగాలి తగ్గిపోతుంది. మామిడిపూత పిందె కడుతుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటలు దాటాక దక్షిణపు వైపునుంచి ఒక గాలి మెల్లగా బయలుదేరి, చీకటి పడేసరికి కొబ్బరిమట్టలను గలగల ఆడిస్తుంది. దీన్నే మనవాళ్ళు పైరగాలి అంటారు. ఆరుబయట మంచం వేసుకునేవాళ్ళకు ఈ గాలంటే ప్రాణం. కాని ఒకప్పుడు ఈ గాలికోసం మంచాలకన్న ఆత్రంగా ఎదురుచూసినవి మరొకటి ఉన్నాయి. అవే పడవలు.

గాలి సరిగ్గా మధ్యాహ్నం తరవాతే ఎందుకు వస్తుంది? ఎండకు నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం అంత తొందరగా వేడెక్కదు. నేలమీది గాలి వేడెక్కి తేలికై పైకి పోతే, ఆ ఖాళీలోకి సముద్రంమీది చల్లని గాలి వచ్చి చేరుతుంది. మన ఊరికి సముద్రం దూరమే గనక, ఆ గాలి ఇక్కడికి చేరేసరికి పొద్దు వాలుతుంది. వంటింట్లో పొయ్యి మండుతున్నప్పుడు తలుపు సందులోనుంచి చల్లగాలి లోపలికి రావటం మీరు గమనించే ఉంటారు. ఇదీ అటువంటిదే, పొయ్యి మాత్రం కాస్త పెద్దది!

ఇప్పుడు పటం తీసి ముందు పెట్టుకోండి. పాపికొండల సందులోనుంచి బయటపడిన గోదావరి దాదాపు దక్షిణంగా ప్రవహించి రాజమహేంద్రవరం చేరుతుంది. పైరగాలి దక్షిణంనుంచి ఉత్తరంగా వీస్తుంది. అంటే నీరు ఒక వైపుకు, గాలి అందుకు ఎదురుగా. ఇది పడవవాడికి చిక్కు అనుకున్నారా? కాదు, ఇంతకన్న మంచి ఏర్పాటు మరొకటి లేదు. ఎగువకు పోయేటప్పుడు తెరచాప ఎత్తితే గాలి తోసుకుపోతుంది. దిగువకు వచ్చేటప్పుడు తెరచాప దించి చుట్టేస్తే నీరే మోసుకువస్తుంది. వెళ్ళటానికి ఒకరు, రావటానికి ఒకరు; ఇద్దరూ జీతం అడగని కూలీలు.

ఈ అదృష్టం లోకంలో మరికొన్ని నదులకు కూడా ఉన్నది. వాటిలో పేరుపడ్డది ఈజిప్టులోని నైలునది. అది దక్షిణంనుంచి ఉత్తరానికి ప్రవహిస్తుంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్తరంనుంచి దక్షిణానికి గాలి వీస్తుంది. వేల ఏళ్ళ కిందట ఈజిప్టువాళ్ళు బొమ్మలతో రాసేవారు గదా, ఆ రాతలో ‘ఎగువకు ప్రయాణం’ అనటానికి తెరచాప ఎత్తిన పడవ బొమ్మ వేసేవారు. ‘దిగువకు ప్రయాణం’ అంటే తెరచాప లేని పడవ బొమ్మ. మన గోదావరి సరంగు ఆ బొమ్మలను చూసి ఉంటే, చదువు రాకపోయినా వాటి అర్థం ఇట్టే చెప్పేవాడు.

ఎగువ అడవుల కలపా వెదురూ తెప్పలుగా కట్టుకొని ఈ నదిమీదుగానే రాజమహేంద్రవరం దిగివచ్చేవి. ఇప్పుడు ఆ పాత దారిలో పడవ నేరుగా పోదు. పోలవరం దగ్గర ప్రాజెక్టు అడ్డం వచ్చింది. పాపికొండలు చూపించే లాంచీలు ప్రాజెక్టుకు ఎగువన, గండిపోచమ్మ గుడి రేవునుంచి బయలుదేరుతున్నాయి. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’ సినిమాలో రాజమహేంద్రవరంనుంచి భద్రాచలానికి, శ్రీరాముడి కల్యాణానికి, లాంచీలో వెళతారు. ఆ ప్రయాణం ఎట్లా ఉండేదో చూడాలనుకునేవారు మీ తాతగారిని పక్కన కూర్చోబెట్టుకొని ఆ సినిమా చూడండి. తాతగారు నడుమ నడుమ చెప్పే మాటలు సినిమాకన్న బాగుంటాయి.

నది సంగతి అది. మరి కాలువ? కడియంవాళ్ళకు నదికన్న కాలువే దగ్గరి చుట్టం. ధవళేశ్వరం దగ్గర గోదావరినుంచి బయలుదేరిన కాలువ నీరు కడియం లాకుల మీదుగా ద్వారపూడి, అనపర్తి దాటి సామర్లకోటకు, అక్కడినుంచి కాకినాడకు పోతుంది. పటంలో దీన్ని వేలితో అనుసరించి చూడండి. ద్వారపూడినుంచి సామర్లకోటదాకా కాలువ తూర్పుకూ ఈశాన్యానికీ పోతుంది. అంటే పైరగాలి పక్కనుంచీ, వెనకనుంచీ తగులుతుంది, తెరచాప పనికివస్తుంది. సామర్లకోట దాటాక కాలువ ఆగ్నేయానికి తిరుగుతుంది. అక్కడ గాలి ముఖానికి కొడుతుంది. తెరచాప దించాల్సిందే.

తెరచాప దించాక పడవ ఎట్లా నడుస్తుంది? రెండు ఉపాయాలు ఉండేవి. ఒకటి గెడ, రెండు తాడు.

గెడ అంటే పొడుగాటి వెదురుబొంగు. కళాసీ దాన్ని పడవ ముందుభాగంలో నీటిలోకి దించి, అడుగున నేలకు ఆనించి, పై కొన భుజానికి మోపుకొని, పడవ అంచువెంబడి వెనక్కి నడుస్తాడు. అతను వెనక్కి నడుస్తుంటే పడవ ముందుకు పోతుంది! ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. గట్టుమీద కూర్చుని చూసేవాడికి ఆ కళాసీ ముందుకు పోతున్నట్టు కనిపిస్తాడా, వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాడా? నేను పాఠం చెప్పే రోజుల్లో ఈ ప్రశ్న వేస్తే తరగతి రెండు జట్లుగా చీలిపోయేది. జవాబు ఏమిటంటే, అతను దాదాపు ఎక్కడివాడు అక్కడే ఉంటాడు. అతని కాళ్ళకింద పడవ జారిపోతుంది, అంతే. చివరకు వచ్చాక గెడ పైకి లాగి, పడవ ముందుభాగానికి తిరిగి నడుస్తాడే, అప్పుడు మాత్రం పడవతోబాటు తానూ ముందుకు పోతాడు. కాగితంమీద బొమ్మ గీసుకొని చూడండి, తేలిపోతుంది.

తాడు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. పడవకు పొడుగాటి తాడు కట్టి, గట్టుమీద ఇద్దరు ముగ్గురు మనుషులు దాన్ని లాగుతూ నడిచేవారు. ఆ తాడును పడవ ముక్కుకు కట్టరు. తెరచాప కొయ్యకు, బాగా ఎత్తున కడతారు. ఎందుకని? తాడు కిందుగా ఉంటే గట్టుమీది తుప్పలకు తగులుకుంటుంది, నీళ్ళలో నాని బరువెక్కుతుంది. సరే, గట్టుమీదనుంచి లాగుతున్నారు గదా, పడవ గట్టుకు వచ్చి గుద్దుకోదేం? గుద్దుకోబోతుంది! అందుకే వెనక సరంగు చుక్కాని పట్టుకొని కూర్చుంటాడు. పడవ ముక్కు గట్టువైపు తిరగబోయినప్పుడల్లా, చుక్కాని దాన్ని కాలువ నడుమకు తిప్పుతుంది. తాడు ఇటు లాగుతుంది, చుక్కాని అటు తిప్పుతుంది. ఆ రెండింటి పోట్లాట తీరి పడవ తిన్నగా పోతుంది.

ఈ పద్ధతిలో ఎంత బరువు లాగవచ్చునో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. ఇంగ్లండులో కాలువలమీద పడవలను గుర్రాలతో లాగించేవారు. మట్టి రోడ్డుమీద టన్ను, రెండు టన్నుల బండిని లాగే గుర్రం, కాలువలో ముప్పై టన్నుల పడవను లాగేది. నేలమీద చక్రానికి గుంతా మిట్టా అడ్డం వస్తాయి. నెమ్మదిగా పోయే పడవకు నీరు చాలా కొద్దిగానే అడ్డుపడుతుంది. కాని తొందరపెడితే మాత్రం నీరు తిరగబడుతుంది. పడవ వేగం పెంచినకొద్దీ ముక్కు దగ్గర అల లేస్తుంది. ఆ అలను తోయటానికే బలమంతా ఖర్చవుతుంది. అందుకే కాలువ ప్రయాణం ఎప్పుడూ మనిషి నడకకు సరిపోయేది. రాజమహేంద్రవరంనుంచి కాకినాడకు కాలువ దారి సుమారు 50 కిలోమీటర్లు. గంటకు 4 కిలోమీటర్లు నడిస్తే ఎంతసేపు పడుతుంది? పన్నెండున్నర గంటలు. దానికి లాకుల దగ్గర ఆగే సమయం కలుపుకోండి. సాయంత్రం అన్నంమూట కట్టుకొని ఎక్కితే, తెల్లవారాక దిగుతారన్నమాట.

లాకుల దగ్గర ఎందుకు ఆగాలి? ఇది బాగా తెలుసుకోవలసిన సంగతి. గోదావరి డెల్టా బల్లపరుపుగా కనిపిస్తుంది గాని, నిజానికి సముద్రంవైపు కొంచెం వాలుగా ఉన్నది. వాలుమీద కాలువ తవ్వి వదిలేస్తే నీరు పరుగెత్తి గట్లు కోసేస్తుంది; పడవ ఎదురు పోలేదు. అందుకని కాలువను మేడమెట్లలాగా చేశారు. ఒక్కొక్క మెట్టుమీద నీరు దాదాపు మట్టంగా, నెమ్మదిగా ఉంటుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య, పడవను ఎక్కించి దించటానికి లాకు.

లాకు అంటే రెండు వైపులా తలుపులున్న రాతి తొట్టి. మనం ధవళేశ్వరం వైపునుంచి దిగువకు వస్తున్నామనుకోండి. ఎగువ తలుపులు తెరిచి ఉన్నాయి. తొట్టిలో నీరు ఎగువ మట్టానికే ఉన్నది. పడవ లోపలికి పోతుంది. వెనక తలుపులు మూస్తారు. తరవాత దిగువ తలుపుల అడుగున ఉన్న చిన్న తూములు ఎత్తుతారు. తొట్టిలోని నీరు బుసకొడుతూ దిగువకు పోతుంది. పడవ దిగిపోతూ ఉంటుంది గాని, లోపల కూర్చున్నవారికి ఆ సంగతి తెలియదు. పక్కనున్న రాతిగోడలు పైకి పెరుగుతున్నట్టు తోస్తుంది! నిమిషం కిందట గట్టుమీద కనిపించిన మేకలు ఇప్పుడు తలెత్తి చూస్తేగాని కనబడవు. తొట్టిలో నీరూ దిగువ నీరూ ఒక మట్టానికి రాగానే బుస ఆగిపోతుంది. అప్పుడు దిగువ తలుపులు చేత్తో తోస్తే తెరుచుకుంటాయి.

ముందే ఎందుకు తెరవకూడదు? తెరవకూడదు కాదు, తెరవలేరు. లెక్క చూడండి. తలుపులు మూడు మీటర్ల వెడల్పు, నీటి మట్టంలో తేడా రెండు మీటర్లు అనుకుందాం. ఆ రెండు మీటర్ల మేర నీరు పైన మెత్తగా, అడుగున గట్టిగా తోస్తుంది. సగటున ఒక మీటరు లోతు నీటి ఒత్తిడి. రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు అంటే ఆరు చదరపు మీటర్లు. ఒక్కొక్క చదరపు మీటరుమీద ఒక టన్ను. ఆ భాగంమీదనే ఆరు టన్నుల తోపు! అంతకు దిగువన ఉన్న భాగంమీద పడేది వేరే. ఏనుగు ఒకటి తలుపుకు ఒరిగి నిలబడ్డట్టే గదా. నీటి మట్టాలు సమం కాగానే రెండు పక్కలా తోపు సమమై ఏనుగు మాయమవుతుంది.

ఆ ఏనుగును పనికి పెట్టుకున్న తెలివి ఒకటి ఉన్నది. ఈసారి లాకు తలుపులు చూసినప్పుడు గమనించండి: అవి మన ఇంటి తలుపుల్లాగా తిన్నగా మూసుకోవు. ఎగువ వైపుకు మొన చూపిస్తూ, ఇంటికప్పు వాలుల్లాగా కోణంగా కలుస్తాయి. నీరు ఎంత గట్టిగా తోస్తే, రెండు రెక్కలూ ఒకదానికొకటి అంత బిగుసుకుంటాయి. గడియ అక్కరలేదు; నీరే గడియ. ఐరోపాలో ఈ కోణపు తలుపులు పదిహేనవ శతాబ్దిలో ఇటలీలో బయలుదేరాయి. లియొనార్డో డావిన్సీ గీసిన పటాలలో అటువంటివి ఉన్నాయి. రెండు తలుపుల లాకు అనే ఊహ అంతకన్న పాతది: చైనాలో పెద్ద కాలువమీద 984లోనే కట్టారు. 1914లో తెరిచిన పనామా కాలువలో సముద్రపు ఓడలను 26 మీటర్ల ఎత్తుకు ఎక్కించి మళ్ళీ దించేవి కూడా లాకులే. కడియం లాకు అర్థమైతే పనామా అర్థమైనట్టే.

వీటిని మనకు కట్టించినవాడు సర్ ఆర్థర్ కాటన్ అని మీకు తెలుసు. ఆయన విగ్రహం లేని ఊరు డెల్టాలో తక్కువ. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తి అయింది. వీణెం వీరన్నగారు ఆ పనిలో ఆయనకు కుడిభుజం. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న 175 గేట్ల బారేజీ 1982కు పూర్తి అయింది. పంటకు నీరు ఇవ్వటం కాటన్ ఆలోచనలో సగమే. మిగతా సగం పడవ. రైళ్ళకన్న కాలువలే ఈ దేశానికి చవక అని ఆయన బతికినంతకాలం వాదిస్తూనే ఉన్నాడు. ఆ వాదంలో ఓడిపోయాడు. కడియం స్టేషనులో నిలబడి చూడండి, ఎవరు గెలిచారో రైలు కూత చెబుతుంది. రైలు వచ్చాక పట్నాలమధ్య ప్రయాణికులు తగ్గారు, లారీలు వచ్చాక సరుకు తగ్గింది, ఆపైన వంతెనలు పడ్డాయి; పడవలు ఒకటొకటిగా గట్టెక్కాయి. కాకినాడ కాలువనూ, ఏలూరు కాలువనూ, కొమ్మమూరు కాలువనూ, బకింగ్‌హాం కాలువనూ కలిపి, కాకినాడనుంచి పుదుచ్చేరిదాకా 4వ జాతీయ జలమార్గం అని 2008లో ప్రకటించారు. జలమార్గం కాగితంమీద బాగానే సాగుతున్నది. కాలువలో మాత్రం చాలాచోట్ల గుర్రపుడెక్క పెరిగింది. ఊదారంగు పూలతో ముద్దుగా కనిపించే ఈ మొక్క దక్షిణ అమెరికానుంచి వచ్చింది. ఒక చాపలాగా అల్లుకుపోయి, తెడ్డు వెయ్యటానికి జానెడు చోటు ఇవ్వదు.

అయినా పడవ పూర్తిగా పోలేదు. పెద్ద పడవలు పోయినా చిన్నవి మిగిలాయి. లంకలలోనూ, కొల్లేటిలోనూ తాటిదోనెలు ఉండేవి. ముదురు తాటిమానును నిలువునా కోసి, లోపలి మెత్తని భాగం తవ్వేస్తే దోనె అవుతుంది. ఒక్క దోనె మీద నిలబడితే పల్టీ కొడుతుంది గనక, రెండు దోనెలు జతగా కట్టి మీద బల్ల వేసేవారు. కృష్ణమీదా తుంగభద్రమీదా తిరిగే పుట్టిని కూడా మీరు బొమ్మల్లో చూసి ఉంటారు. గుండ్రంగా, పెద్ద గంపలాగా ఉంటుంది. అది అంత తేలిగ్గా పల్టీ కొట్టదు గాని, తెడ్డు వెయ్యటం తెలియకపోతే ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది.

ఈ చిన్నవాటి దూరపు బంధువు ఒకటి ఇప్పుడు లోకమంతా తిరుగుతున్నది. దాని పేరు కయాక్. గ్రీన్లాండు మొదలైన మంచుదేశాలలో ఉండే ఇన్యూట్ జాతివారు దాన్ని కనిపెట్టారు. అక్కడ చెట్లు లేవు. సముద్రంలో కొట్టుకువచ్చిన కర్రలతోనూ, ఎముకలతోనూ అస్థిపంజరంలాగా కట్టి, మీద సీలు చర్మం బిగించి కుట్టేవారు. ఒక మనిషి కాళ్ళు చాపుకొని అందులో దూరి కూర్చుంటాడు. తెడ్డుకు రెండు కొనలా రెక్కలు. కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి. ఇప్పటి కయాకులను ప్లాస్టిక్కుతో చేస్తున్నారు. దోనెమీద నిలబడితే పల్టీ కొడుతుందన్నాను గదా, కయాక్ అంతకన్న సన్ననిది, మరి ఎందుకు పడిపోదు? కూర్చోవటంలోనే ఉన్నది రహస్యం. మనిషి బరువు అడుగుకు ఎంత దగ్గరగా ఉంటే పడవ అంత స్థిరంగా ఉంటుంది. అందుకే చిన్న పడవ ఎక్కిన పిల్లలను పల్లెకారులు మొదట అనే మాట, “కూకోండర్రా!”

ఇంట్లో చేసి చూడగల పని ఒకటి చెబుతాను. అరటిదొప్ప జానెడు ముక్క తీసుకోండి. నడుమ కొబ్బరీనె గుచ్చి, దానికి కాగితం తెరచాప తగిలించండి. గాబులో వదిలి, వెనకనుంచి విసనకర్రతో విసరండి. ముందుకు పోతుంది. ఇప్పుడు పక్కనుంచి విసరండి. పీతలాగా పక్కకు జారుతుంది. ఈసారి దొప్ప అడుగున నిలువునా చీల్చి, పాత రేకుముక్క ఒకటి చేపరెక్కలాగా నీళ్ళలోకి దిగేటట్టు గుచ్చండి. రేకు అంచు పదును కాబట్టి పెద్దవాళ్ళచేత గుచ్చించండి. తెరచాపను కొంచెం ఏటవాలుగా తిప్పి, మళ్ళీ పక్కనుంచే విసరండి. పడవ పక్కకు జారటం మాని, ముందుకు పోతుంది! రేకు పక్కకు జారనివ్వదు. గాలి తోపుకు మిగిలిన దారి ముందువైపే. తడిచేతిలో సపోటాగింజను వేళ్ళతో నొక్కితే, వేళ్ళవైపు పోకుండా ముందుకు ఎగిరిపోతుందే, అటువంటిదే ఇది. ఈ ఉపాయంతోనే తెరచాప పడవలు గాలికి ఏటవాలుగా ఎదురు కూడా పోతాయి. ఇటు కొంతదూరం, అటు కొంతదూరం వంకరటింకరగా నడిచి చివరకు గాలి వచ్చే వైపుకే చేరుతాయి. అడుగు చదునుగా ఉండే మన కాలువ పడవలకు ఆ రెక్క లేదు. లోతు తక్కువ కాలువలో రెక్క నేలకు తగులుతుంది మరి! అందుకే వాటికి గాలి ఎదురైతే తాడే గతి.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్‌మీద పిల్లలు ఒంటరిగా తెరచాప పడవలు నడపటం మీరు పేపర్లలో చూసి ఉంటారు. వాటిలో ‘ఆప్టిమిస్ట్’ అనేది పిల్లలకోసమే చేసిన పడవ; 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన తయారుచేశాడు. పొడుగు 2.3 మీటర్లే, మన నులకమంచంకన్న కాస్త పెద్దది. అడుగున మీ రేకుముక్కవంటి పలక ఒకటి ఉంటుంది. లోతు లేని చోట పైకి లాగేయవచ్చు. 2025 సంక్రాంతికి మధ్యడెల్టాలోని ఆత్రేయపురం కాలువలో డ్రాగన్ పడవల పందాలు జరిగాయి. పూతరేకుల ఊరు పడవల ఊరు కూడా అయింది. వరస తెడ్లు ఒక్కసారిగా నీళ్ళలో పడుతుంటే గట్లమీద జనం కేకలు! కాటన్ చూసి ఉంటే సంతోషించేవాడు.

ఇంతదాకా గాలి గురించి చెప్పాను. సముద్రం దగ్గర పాయలలో గాలికన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది: పోటూ పాటూ. కాకినాడకు దక్షిణాన కోరంగి మడ అడవులలో సన్నని పాయలు వలలాగా అల్లుకొని ఉన్నాయి. చంద్రుడి ఆకర్షణవల్ల సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గుతుంది. ఒక పొంగుకూ ఆ తరవాతి తగ్గుదలకూ సుమారు ఆరుగంటల పావు. పాటు తీసేటప్పుడు పాయలో నీరు సముద్రంవైపు లాగుతుంది, పోటు వచ్చేటప్పుడు లోపలికి తోస్తుంది. అక్కడి జాలరులు పాటుతో వేటకు దిగి, పోటుతో ఇల్లు చేరతారు. వేళ తప్పితే ఒకటే కష్టం: చేతులు పడిపోయేదాకా తెడ్డు వేసినా పడవ కదలదు, లేదా నీరు తగ్గిపోయి బురదలో కూర్చుండిపోతుంది. గోదావరిలో గాలీ నీరూ చేసే పనిని, ఇక్కడ ఒక్క నీరే రెండు వైపులా చేస్తుంది. పడవవాడు చెయ్యవలసినది వేళ కనిపెట్టటం.

వేళ కనిపెట్టకపోతే ఏమవుతుందో మన నదే చూపించింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో, కచ్చులూరు దగ్గర, యాత్రికుల పడవ మునిగి యాభైమందిదాకా చనిపోయారు. ఆరోజు నదిలో వరద సుమారు 5 లక్షల క్యూసెక్కులు. అంటే సెకనుకు 14,000 టన్నుల నీరు, కొండలమధ్య ఇరుకు దారిలోనుంచి! మనం ‘ఒకటి’ అనేలోగా కొన్ని రైళ్ళ బరువు నీరు దాటిపోతుందన్నమాట. అటువంటి నీటికి సుడులుంటాయి. ఇంజను ఎంత పెద్దదైనా పట్టించుకోదు. వసంతంలో ఇదే గోదావరి ఇసుకతిన్నెలమధ్య పాయలు పాయలుగా, నెమ్మదిగా పోతుంది. చిన్న పడవకు తగిన కాలం ఇదీ, వరదకాలం కాదు.

వసంతంలో కూడా కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఒడ్డున నిలబడి ఎండిన తిన్నె చూసి నీరు మోకాలిలోతే అనుకోకండి. ఇసుక తవ్విన చోట్ల గుంతలు నిలువులోతు ఉంటాయి, పైకి కనబడవు. ఎవరి పడవ అయినా సరే, తేలే కోటు తొడుక్కొని, ముడులు బిగించాకే కాలు పెట్టండి. ఉక్కగా ఉన్నదని విప్పి పక్కన పెట్టినది, మునిగేటప్పుడు చేతికి అందదు. బారేజీ దగ్గరకూ, లాకుల తూముల దగ్గరకూ పడవతో గాని ఈతకు గాని పోకూడదు. పైన నిశ్శబ్దంగా ఉన్నా అడుగున నీరు లాగుతూ ఉంటుంది. వీటన్నిటికన్న ముందు ఈత. ముప్పై అయిదేళ్ళు పాఠాలు చెప్పిన మనిషిగా నాకు ఒక కోపం ఉన్నది. ఇంటి గుమ్మంలో కాలువ పెట్టుకొని మన పిల్లల్లో సగంమందికి ఈత రాదు! కంప్యూటరుకు ట్యూషను పెట్టించే తల్లిదండ్రులు, ఒక్క వేసవిలో ఈత ఎందుకు నేర్పించరు? పెద్దవాళ్ళ సమక్షంలో, నిలకడ నీటిలో నేర్చుకోండి. ఈ పేజీ మీ నాన్నగారికి చూపించండి. అడిగింది హెడ్మాస్టరు అని చెప్పండి.

కాలువలో నీరున్న రోజులు కొద్దే మిగిలాయి. రబీ వరికి చివరి తడి అందగానే, ఏప్రిల్ నెలలో కాలువలు కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలేది జూన్‌లో. ఆ మధ్యకాలంలో పూడిక తియ్యటం, గట్లకూ లాకులకూ మరమ్మతులు చెయ్యటం. అప్పుడు లాకు గట్టుమీద నిలబడి కిందికి చూడండి. ఏడాది పొడుగునా నీటికింద దాగి ఉండేవన్నీ బయటపడి ఉంటాయి: తలుపులు ఆనుకునే రాతి గడప, అది ఎగువవైపుకు మొనదేలి ఉండటం, కింద తూముల నోళ్ళు, గోడలమీద నీటిమట్టం గీసిన నల్లని గీతలు. ఎగువ గీతకూ దిగువ గీతకూ ఎంత తేడా ఉన్నదో కంటితో అంచనా వేసి, పైన చెప్పిన ఏనుగు లెక్క మీ లాకుకు మీరే కట్టండి. తలుపు వెడల్పు లాకులమీద పనిచేసేవారిని అడిగితే చెబుతారు.